ఇంటి రీఫ్ తొట్టెలోకి మొదట ఏ జీవులు రావాలి?

సంపాదకులకు నమస్కారం.

హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నం వంటి నగరాల్లో ఇంట్లో ఉప్పునీటి అక్వేరియం పెట్టుకునేవారు కొన్నేళ్లుగా కనిపిస్తున్నారు. రెండడుగుల గాజు తొట్టె, నీలికాంతి చిమ్మే ఎల్‌ఈడీ దీపం, నాలుగు రాళ్లు, వాటిమీద కదలాడే పగడాలు, నడుమ నారింజ రంగు క్లౌన్ చేపల జంట ఉన్న ఫొటో చూస్తే అలాంటిది తమ ఇంట్లోనూ ఉండాలని చాలామందికి అనిపిస్తుంది. గృహాలంకరణ శీర్షికల కింద పత్రికలు కూడా ఇటువంటి ఫొటోలు వేస్తుంటాయి. అయితే ఆ జీవులు ఎక్కడి నుంచి వచ్చాయో, వాటిలో వేటిని ఇంట్లో ఉంచుకోవడానికి చట్టం ఒప్పుకోదో, వంద లీటర్ల నీటిలో ఏవి బతుకుతాయో ఆ ఫొటోల పక్కన ఉండదు. కొత్తగా మొదలుపెట్టేవారు దుకాణంలో రంగు చూసి, ధర విని తీసుకుంటారు. వారికి కావలసిన సమాచారం తెలుగులో దొరకడం కష్టంగా ఉంది కనుక, సికింద్రాబాద్‌లో చాలాకాలంగా ఒక చిన్న రీఫ్ తొట్టెను, అంటే పగడాలున్న ఉప్పునీటి తొట్టెను, చూసుకుంటున్న పాఠకురాలిగా ఈ లేఖ రాస్తున్నాను.

నేను చెప్పదలచిన అసలు మాట ఇది. మొదటి తొట్టెలోకి వచ్చే చేప గానీ, పగడం గానీ సముద్రం నుంచి పట్టి తెచ్చినదై ఉండకూడదు. చేపలైతే హేచరీలో, అంటే గుడ్లు పొదిగించి పిల్లలను పెంచే కేంద్రంలో, పుట్టినవి కావాలి. పగడాలైతే మరొకరి తొట్టెలో పెరిగి, అక్కడి నుంచి ముక్కగా వేరు చేసినవి కావాలి. రాళ్లమీది నాచును తినే నత్తల వంటి చిన్న జీవుల విషయంలో ఈ నియమం ఇంకా పూర్తిగా సాధ్యం కావడం లేదని ఒప్పుకుంటాను. మిగిలిన అన్నింటి విషయంలో సాధ్యమే. ఈ ఒక్క నియమం పాటిస్తే చట్టపరమైన చిక్కులు, వారం తిరగకుండా జీవులు చనిపోవడం, వేల రూపాయలు వృథా కావడం చాలావరకు తప్పుతాయి.

ముందు చట్టం సంగతి చెప్పాలి, ఎందుకంటే ఔత్సాహికుల్లో చాలామందికి అది తెలియదు. రీఫ్‌ను, అంటే సముద్రంలోని పగడపు దిబ్బను, నిర్మించే గట్టి పగడాలన్నీ, వాటితోపాటు నల్ల పగడాలు, ఫైర్ కోరల్, ఆర్గాన్ పైప్ కోరల్, సీ ఫ్యాన్‌లు 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 మొదటి షెడ్యూలులో ఉన్నాయి. సముద్రపు గుర్రాలు, వాటి కుటుంబానికే చెందిన పైప్ చేపలు, కొన్ని జెయింట్ క్లామ్ జాతులు కూడా అందులోనే ఉన్నాయి. పులికి ఏ షెడ్యూలు రక్షణ ఇస్తున్నదో మన్నార్ సింధుశాఖలోని గట్టి పగడపు కొమ్మకూ అదే షెడ్యూలు రక్షణ ఇస్తున్నది. 2022 సవరణ తరువాత ఈ షెడ్యూలు జీవులకు సంబంధించిన నేరానికి కనీసం 3 సంవత్సరాలు, గరిష్ఠంగా 7 సంవత్సరాలు జైలుశిక్ష, 25,000 రూపాయలకు తగ్గని జరిమానా విధించవచ్చు. విదేశాల నుంచి తెచ్చినవని చెప్పే గట్టి పగడాల సంగతీ తేలిక కాదు. ప్రపంచంలోని గట్టి పగడాలన్నీ అంతర్జాతీయ వన్యజీవి వాణిజ్య ఒప్పందమైన సైట్స్ రెండవ అనుబంధంలో ఉన్నాయి కనుక, ఎగుమతి చేసిన దేశం ఇచ్చిన అనుమతి పత్రం లేకుండా అవి సరిహద్దు దాటడానికి వీల్లేదు. దుకాణదారు 'ఇంపోర్టెడ్ పీస్' అన్నంత మాత్రాన ఆ పత్రం ఉన్నట్టు కాదు. కొత్తవారు ఈ చిక్కులోకి దిగవలసిన అవసరమే లేదు.

యాత్రకు వెళ్లినప్పుడు రామేశ్వరం తీరంలో ఏరుకున్న తెల్లని పగడపు రాయిని తొట్టెలో అలంకారంగా వేయవచ్చా అని నన్ను అడిగినవారున్నారు. వేయకూడదు, అసలు ఏరుకోకూడదు. ఆ తెల్లని రాయి గట్టి పగడపు అస్థిపంజరం. చట్టం ఇచ్చే రక్షణ బతికున్న పగడంతో ఆగిపోదు. 'లైవ్ రాక్' పేరుతో అమ్మే రాళ్లలో ఎక్కువ భాగం కూడా ఇలాంటి పాత పగడపు ముక్కలే. సిరామిక్‌తోనో, సిమెంటుతోనో అక్వేరియం కోసమే తయారు చేసిన కృత్రిమ రాళ్లు ఇప్పుడు దొరుకుతున్నాయి. వాటిలోని సన్నని రంధ్రాల్లో మేలుచేసే బ్యాక్టీరియా చేరడానికి కొన్ని వారాలు ఎక్కువ పడుతుందేమో గాని, తరువాత పనితనంలో తేడా ఉండదు.

మన దేశంలో చెప్పుకోదగ్గ పగడపు దిబ్బలు లక్షద్వీప్‌లో, అండమాన్ నికోబార్ దీవుల్లో, మన్నార్, కచ్ సింధుశాఖల్లో, తమిళనాడు పక్కనున్న పాక్ అఖాతంలో మాత్రమే ఉన్నాయి. గోదావరి, కృష్ణ తెచ్చి కలిపే ఒండ్రు, మంచినీరు కారణంగా ఆంధ్ర తీరంలో అటువంటి పెద్ద దిబ్బలు ఏర్పడలేదు. ఉన్న ఆ కొద్ది దిబ్బలూ 1998, 2010, 2016 సంవత్సరాల్లో సముద్రం వేడెక్కి, పగడాలు తమలోని సూక్ష్మ నాచును కోల్పోయి తెల్లబారాయి. 2024లో లక్షద్వీప్ పగడాలు మళ్లీ తీవ్రంగా తెల్లబారాయి. అక్కడి నుంచి ఒక కొమ్మ విరిచి తెచ్చి మన హాల్లో పెట్టుకోవడానికి ఏ సమర్థనా లేదని నేను నమ్ముతున్నాను.

చట్టం సంగతి పక్కన పెట్టినా గట్టి పగడాలు మొదటి తొట్టెకు తగినవి కావు. అవి నీటిలోని కాల్షియాన్ని, కార్బొనేట్‌ను తీసుకుని అస్థిపంజరం కట్టుకుంటాయి. సముద్రంలో ఆ నిల్వకు అంతు లేదు. వంద లీటర్ల తొట్టెలో నాలుగు చిన్న కొమ్మలు పెరగడం మొదలుపెడితే కొద్ది రోజుల్లోనే నీటి క్షారత, అంటే అందులోని కార్బొనేట్ నిల్వ, పడిపోతుంది. దాన్ని ప్రతిరోజూ కొలిచి, మందు కలిపి, ఒకే స్థాయిలో నిలబెట్టవలసి ఉంటుంది. క్షారత ఉన్నట్టుండి ఎక్కువో తక్కువో అయితే కొమ్మ పగడాల కణజాలం కొన్ని గంటల్లోనే ఊడిపోవచ్చు. నీటిని కొలిచే అలవాటు ఇంకా చేతికి రాని మనిషి మీద అంత బరువు పెట్టకూడదు.

ఆ బరువు లేకుండా రీఫ్ అందాన్ని ఇచ్చేవి మెత్తని పగడాలు, వాటిలాగే గట్టి అస్థిపంజరం కట్టుకోని మరికొన్ని జీవులు. వాటిలో మొదటిదిగా నేను ఎవరికైనా మష్రూమ్ పగడాన్నే సూచిస్తాను. ఇది రాతికి అంటుకుని, పుట్టగొడుగు గొడుగులా పరుచుకుని ఉంటుంది. ఎరుపు, నీలం, ఆకుపచ్చ రంగుల్లో దొరుకుతుంది. తక్కువ వెలుతురులో, నెమ్మదైన ప్రవాహంలో హాయిగా బతుకుతుంది. చేపల విసర్జన వల్ల నీటిలో చేరే నైట్రేట్ కొంచెం ఎక్కువైనా ఓర్చుకుంటుంది. అడుగున ఒక ముక్క వదిలిపెట్టి కదిలి వెళ్లి, ఆ ముక్క నుంచి కొత్త జీవిని పుట్టించుకోవడం దీని స్వభావం కాబట్టి ఒక ఏడాదిలో ఒకటి నాలుగవుతుంది. అందుకే దీనికోసం సముద్రం దాకా పోనక్కర్లేదు, తొట్టె ఉన్న స్నేహితుడు ఒకడుంటే చాలు. ఇందులో 'ఎలిఫెంట్ ఇయర్' అనే పెద్ద రకం ఒకటుంది. అది అంచులను సంచిలా ముడుచుకుని చిన్న చేపలను మింగగలదు. చిన్న తొట్టెలోకి దాన్ని తేవద్దు.

రెండవది జోయాంథిడ్. చిన్న చిన్న పూల గుత్తుల్లా రాతిని కప్పేసే ఈ జీవి రంగుల వైవిధ్యానికి అంతు లేదు. దీపం కింద 8 నుంచి 10 గంటల వెలుతురు, మితమైన ప్రవాహం ఉంటే ఒక్కొక్క పువ్వూ చేరుతూ పాకుతుంది. అయితే ఇక్కడ ఒక హెచ్చరిక చాలా గట్టిగా చెప్పాలి. ఈ కుటుంబంలోని కొన్ని రకాల్లో, ముఖ్యంగా పాలిథోవాలలో, పాలిటాక్సిన్ అనే విషం ఉంటుంది. 1971లో హవాయిలో పాలిథోవా నుంచే శాస్త్రజ్ఞులు దీన్ని తొలిసారి వేరు చేశారు. ప్రకృతిలో దొరికే అతి తీవ్రమైన విషాల్లో ఇదొకటి. జోయాంథిడ్‌లను చేత్తో ముట్టుకునేటప్పుడు తప్పనిసరిగా గ్లోవ్స్ వేసుకోవాలి, కోసేటప్పుడు కంటికి అద్దాలు పెట్టుకోవాలి, చేతి మీద గాయం ఉంటే ఆ పని మరొక రోజుకు వాయిదా వేయాలి. అన్నింటికన్నా ముఖ్యంగా, అవి ఉన్న రాతిని శుభ్రం చేయడానికి ఎప్పుడూ మరిగించకూడదు, మరిగిన నీళ్లు పోయకూడదు, బ్రష్‌తో గట్టిగా రుద్దకూడదు. అలా లేచిన ఆవిరి, తుంపర్లు పీల్చి కుటుంబాలు కుటుంబాలే ఆసుపత్రి పాలైన సందర్భాలు విదేశాల్లో నమోదయ్యాయి. ఇంట్లో పసిపిల్లలుంటే జోయాంథిడ్ లేకుండా మష్రూమ్‌లతోనే తొట్టె నడపడం మంచిదని నా అభిప్రాయం.

మూడవది లెదర్ పగడం, అందులోనూ గొడుగు ఆకారంలో ఉండే టోడ్‌స్టూల్ రకం. దీన్ని కొన్నవారు మొదటి నెలలోనే ఒకసారి కంగారు పడతారు. అది ఉన్నట్టుండి ముడుచుకుపోతుంది, పైన మైనంలాంటి పొర మెరుస్తుంది, రోజుల తరబడి విచ్చుకోదు. చనిపోయిందనుకుని తీసి పారేసేవారు కూడా ఉన్నారు. నిజానికి అది పైపొర విడుస్తోంది. ప్రవాహం కొంచెం పెంచితే పొర కొట్టుకుపోయి మళ్లీ విచ్చుకుంటుంది. ఈ పగడం పక్కనున్న పగడాలను అదుపులో పెట్టడానికి కొన్ని రసాయనాలు నీటిలోకి వదులుతుంది కనుక, తొట్టె ఫిల్టర్‌లో యాక్టివేటెడ్ కార్బన్ ఉంచి నెలకొకసారైనా మార్చాలి. శుభ్రమైన బ్లేడుతో గొడుగు అంచు కోసి రాతికి కట్టితే ఆ ముక్క కూడా కొత్త పగడమవుతుంది. గుండె కొట్టుకున్నట్టు చేతులు ముడిచి విప్పే జీనియా కూడా సులువైనదే గాని, అది తొట్టె అంతా అల్లుకుపోతుంది. పెట్టదలచినవారు మిగతా రాళ్లకు దూరంగా విడి రాతిమీద పెట్టాలి.

ఇక చేపలు. మొదటి చేపగా క్లౌన్ చేపల జంటను మించినది లేదు. అందులోనూ ఓసెల్లారిస్ జాతి చిన్నది, శాంతమైనది, తొట్టెలో పదేళ్లకు పైగా బతికేది. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ తమిళనాడులోని మండపం, కేరళలోని విళింజం కేంద్రాల్లో పలు క్లౌన్ జాతుల గుడ్లు పొదిగించి, పిల్లలను పెంచే పద్ధతులను అభివృద్ధి చేసింది. కాబట్టి మన దేశంలోనే పుట్టిన క్లౌన్ పిల్లలు దొరకడానికి అవకాశం ఉంది. హేచరీ పిల్లకూ, సముద్రంలో పట్టిన చేపకూ తేడా కొన్న మొదటి వారంలోనే తెలుస్తుంది. హేచరీ పిల్ల పుట్టినప్పటి నుంచి గాజు గోడలను, గుళికల మేతను ఎరుగును. తొట్టెలో వదిలిన రోజునో మరునాడో మేతకు వస్తుంది. సముద్రంలో పట్టిన క్లౌన్ చేపలు చాలాసార్లు బ్రూక్లినెల్లా అనే పరాన్నజీవిని మోసుకొస్తాయి; అది సోకితే చర్మం మీద జిగురు పేరుకుని కొద్ది రోజుల్లో చేప చనిపోతుంది.

క్లౌన్ చేపలన్నీ మొదట మగవిగానే ఎదుగుతాయి. గుంపులో పెద్దది, పెత్తనం చేసేది ఆడదిగా మారుతుంది. అందుచేత జంట కావాలనుకునేవారు లింగం గురించి ఆలోచించకుండా ఒకటి పెద్దది, ఒకటి చిన్నది తీసుకుంటే సరిపోతుంది. మూడు తేవద్దు. జంట కుదిరాక మూడవదాన్ని అవి బతకనివ్వవు. క్లౌన్ చేప ఉంటే పువ్వులా కనిపించే సీ అనిమోన్ అనే జీవి కూడా ఉండి తీరాలన్న నమ్మకం దుకాణాల్లో బాగా ప్రచారంలో ఉంది. సముద్రంలో శత్రువుల నుంచి రక్షణ కోసం క్లౌన్‌కు అనిమోన్ కావాలి. తొట్టెలో శత్రువే లేనప్పుడు దాని అవసరం లేదు. అనిమోన్‌కు మాత్రం బలమైన వెలుతురు, ఏడాదైనా నిలకడగా నడిచిన నీరు కావాలి. కొత్త తొట్టెలో అది చోటు నచ్చక తిరుగుతూ పంపులోకి వెళ్లి ముక్కలైతే, ఆ ఒక్క రాత్రిలో తొట్టెలోని చేపలన్నీ చనిపోవచ్చు. లెదర్ పగడాన్ని పెంచితే క్లౌన్ జంట చాలాసార్లు దాని చేతుల మధ్యనే పడుకుంటుంది.

క్లౌన్ తరువాత మరొకటో రెండో చేపలు చాలు. నాకు ఎక్కువ ఇష్టమైనది వాచ్‌మన్ గోబీ, పిస్టల్ రొయ్యల జోడు. చూపు మందంగా ఉండే రొయ్య ఇసుకలో బొరియ తవ్వుతూనే ఉంటుంది. గుమ్మంలో కూర్చున్న గోబీ చేప ప్రమాదం కనిపిస్తే తోక కదిపి హెచ్చరిస్తుంది. రొయ్య తన మీసం ఒకటి ఎప్పుడూ చేపకు ఆనించి ఉంచుతుంది. ఈ స్నేహాన్ని పిల్లలకు చూపించడం కోసమే తొట్టె పెట్టుకోవచ్చని నేననుకుంటాను. నియాన్ గోబీ కూడా మంచి ఎంపికే, దాన్ని హేచరీల్లో దశాబ్దాలుగా పెంచుతున్నారు. బాంగ్గాయ్ కార్డినల్ చేప చూడముచ్చటైనది, నెమ్మదైనది. కాని అది ఇండోనేషియాలోని బాంగ్గాయ్ దీవుల చుట్టూ ఉన్న చిన్న ప్రాంతానికే పరిమితమైన జాతి. అక్వేరియంల కోసం విపరీతంగా పట్టడం వల్ల 2007 నుంచి అది అంతరించే ప్రమాదమున్న జాతుల జాబితాలో ఉంది. మగచేప గుడ్లను, పిల్లలను నోటిలోనే కాపాడుతుంది కనుక తొట్టెల్లో దీన్ని పెంచడం కష్టమైన పని కాదు. అందువల్ల హేచరీ పిల్ల అని రుజువు ఉంటేనే కొనాలి, లేకపోతే వద్దనుకోవాలి. ఫైర్ ఫిష్ తెచ్చేవారు తొట్టెకు వల మూత తప్పక పెట్టాలి. అది బెదిరితే నీళ్లలోంచి ఎగిరి నేలమీద పడుతుంది.

తేకూడని వాటిలో మొదటిది నీలి టాంగ్. కార్టూన్ సినిమా పుణ్యమా అని పిల్లలు దాన్ని పేరుపెట్టి అడుగుతారు. దుకాణంలో రెండంగుళాలున్న ఈ చేప 30 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది, రోజంతా ఈదుతూనే ఉంటుంది. 2016లో ఫ్లోరిడా విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు దీన్ని తొలిసారి తొట్టెలో పుట్టించి పెంచినప్పటికీ, అమ్మకానికి వచ్చేవాటిలో అత్యధికం ఇప్పటికీ సముద్రంలో పట్టినవే. ఆగ్నేయాసియా దిబ్బల్లో దాక్కున్న చేపలను మత్తులో ముంచి పట్టడానికి సైనైడ్ చల్లే దురాచారం 1960ల నుంచి ఉంది. ఆ మందు తగిలిన చేప దుకాణంలో ఆరోగ్యంగానే కనిపించి, ఇంటికి వచ్చిన కొద్ది వారాల్లో చనిపోతుంది. రెండవది మాండరిన్ చేప. అంత అందమైన చేప మరొకటి లేదు. అయితే అది రాళ్లమీది కోపిపాడ్ అనే సూక్ష్మ జీవులను రోజంతా ఏరుకు తింటుంది. చిన్న తొట్టెలో అవి కొన్ని వారాల్లో అయిపోతాయి, ఆ తరువాత ఆ చేప మన కళ్లముందే చిక్కి చిక్కి ఆకలితో పోతుంది. బటర్‌ఫ్లై చేపల్లో చాలా రకాలు పగడాలనే తింటాయి. చవకగా దొరికే డామ్సెల్ చేపలు దేనికైనా తట్టుకుంటాయి గాని, పెద్దవయ్యాక తొట్టె అంతా తమదేనని మిగతా చేపలను తరిమి చంపుతాయి. కొత్త తొట్టెలో బ్యాక్టీరియా కుదురుకోవడానికి ముందుగా నాలుగు డామ్సెల్‌లను వేయమని చెప్పే పద్ధతి క్రూరమైనది, అనవసరమైనది కూడా.

ఆ కుదురుకోవడాన్ని గురించి నాలుగు మాటలు. చేప విసర్జన నుంచి వచ్చే అమ్మోనియాను ఒక జాతి బ్యాక్టీరియా నైట్రైట్‌గా, మరొక జాతి ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తాయి. ఇవి రాళ్లలో, ఇసుకలో స్థిరపడటానికి మామూలుగా 4 నుంచి 6 వారాలు పడుతుంది. ఈ సమయంలో చేపకు బదులు చిటికెడు చేప మేతో, కొలిచి వేసిన అమ్మోనియా చుక్కలో చాలు. అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపాకే మొదటి మష్రూమ్, మరి కొన్ని వారాలకు క్లౌన్ జంట, ఆ తరువాత నెలకొకటి చొప్పున మిగతావి రావాలి.

నీటి విషయంలో మన ఊళ్లకు ప్రత్యేకమైన ఇబ్బందులున్నాయి. హైదరాబాద్‌లో బోరు నీరు కఠినమైనది, కుళాయి నీటిలో క్లోరిన్ ఉంటుంది. ఇంట్లో ఆర్‌ఓ యంత్రం ఉంది కదా అనుకుంటారు. తాగునీటికి రుచి కోసం ఆ యంత్రాల్లో చాలావాటిలో టీడీఎస్ కంట్రోలర్, మినరల్ కాట్రిడ్జ్ ఉంటాయి, అవి వడకట్టిన నీటిలో లవణాలను మళ్లీ కలుపుతాయి. అటువంటి నీరు వాడితే నాచు విపరీతంగా పెరుగుతుంది. అవి లేని ఆర్‌ఓ నీటిని, మిగిలిన లవణాలనూ తీసేసే డీఅయనైజింగ్ కాట్రిడ్జ్ గుండా పంపి, లీటరుకు 35 గ్రాముల లవణత వచ్చేటట్టు అక్వేరియం ఉప్పు కలపాలి. వంద లీటర్లకు ఇది మూడున్నర కిలోలు. నీరు ఆవిరైనప్పుడు ఉప్పు తొట్టెలోనే మిగులుతుంది కనుక, తగ్గినంత మేర ఉప్పు లేని శుద్ధమైన నీటినే పోయాలి. ఐదు లీటర్లు ఆవిరై అలాగే వదిలేస్తే లవణత 35 నుంచి దాదాపు 37కు చేరుతుంది. చిన్న తొట్టె కష్టమంతా ఇక్కడే ఉంది. తెలంగాణ ఎండల్లో రోజుకు ఎంత నీరు పోతుందో చూసినవారికే తెలుస్తుంది.

తొట్టె నీరు 24 నుంచి 27 డిగ్రీల మధ్య ఉండాలి. హైదరాబాద్ పొడి ఎండలో నీటి పైకి తిప్పిన చిన్న ఫ్యాన్ రెండు మూడు డిగ్రీలు తగ్గించగలదు. విశాఖ ఉక్కపోతలో ఆవిరి సరిగా కాదు గనుక ఫ్యాన్ పనిచేయదు, అక్కడ నీటిని చల్లబరిచే యంత్రం, చిల్లర్, తప్పదు. చిల్లర్ ఖర్చు భరించలేనివారు పగడాలు పెట్టే ఆలోచన మానుకోవడమే న్యాయం. కరెంటు పోయినప్పుడు ప్రవాహం ఆగకుండా పంపును ఇన్వర్టర్‌కు కలపడం, లేదా బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు దగ్గర ఉంచుకోవడం కూడా అంతే అవసరం.

విశాఖ మిత్రులు సముద్రం పక్కనే ఉండగా ఉప్పు కొనడమెందుకని అడుగుతారు. వర్షాకాలంలోనూ, ఆ తరువాత నెలల్లోనూ గంగ, మహానది, గోదావరి వంటి నదుల నీరు తీరం వెంబడి పరుచుకుని బంగాళాఖాతపు ఉపరితల లవణత బాగా పడిపోతుంది. వేసవిలో తెచ్చిన నీటికీ, అక్టోబరులో తెచ్చిన నీటికీ పొంతన ఉండదు. పైగా నగరపు మురుగు, ఓడరేవు నూనె కలిసే తీరపు నీటిని పగడాలకు పోయడం ప్రమాదకరం.

కొత్త చేపను నేరుగా తొట్టెలో వదలకుండా నాలుగు వారాలు వేరే చిన్న తొట్టెలో ఉంచి గమనించాలి. తెల్లమచ్చల వ్యాధి కలిగించే క్రిప్టోకారియాన్ వస్తే అక్కడే రాగి మందుతో నయం చేయవచ్చు. పగడాలు, రొయ్యలు, నత్తలు ఉన్న తొట్టెలో రాగి వేస్తే అవన్నీ చనిపోతాయి.

ఇప్పుడు మీ పత్రిక ద్వారా కొన్ని విన్నపాలు. అక్వేరియం దుకాణాల్లో ప్రతి ఉప్పునీటి జీవి తొట్టెమీద అది హేచరీలో పుట్టిందా, సముద్రంలో పట్టినదా అన్నది రాసి పెట్టేటట్టు, బిల్లులో కూడా ఆ వివరం ఉండేటట్టు రెండు రాష్ట్రాల మత్స్యశాఖలు చూడాలి. చట్టం నిషేధించిన పగడాల వర్గాలను బొమ్మలతో తెలుగులో అచ్చువేసి దుకాణాల్లో ప్రదర్శించమని అటవీశాఖ చెప్పాలి. చాలామంది చిన్న దుకాణదారులకు కూడా తాము అమ్మేది ఏ షెడ్యూలు జీవో తెలియదు; వారిని నేరస్థులను చేయడం కన్నా ముందు వారికి తెలియజేయడం అవసరం.

మూడవ విన్నపం మన తీరప్రాంతానికి సంబంధించినది. భీమునిపట్నం నుంచి నెల్లూరు దాకా ఉన్న రొయ్యల హేచరీల్లో శుద్ధి చేసిన సముద్రపు నీరు ఉంది, పిల్లలకు మేతగా వేసే ఆర్టీమియా అనే చిన్న జీవుల గుడ్లు పొదిగించే పరికరాలున్నాయి, కంటికి కనిపించనంత చిన్న పిల్లలకు గంట గంటకూ మేత వేసి పెంచిన అనుభవమున్న టెక్నీషియన్లు ఉన్నారు. క్లౌన్ చేప గుడ్లు సుమారు వారంలో, చీకటి పడ్డాక పొదుగుతాయి. పిల్లలకు మొదట రోటిఫర్‌లు అనే సూక్ష్మ జీవులు, తరువాత ఆర్టీమియా వేస్తే రెండు వారాల్లో చిన్న చేపల రూపానికి వస్తాయి. రోటిఫర్ పెంపకం ఒక్కటి నేర్పితే మిగతా పనంతా వారికి తెలిసినదే. 2020లో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో అలంకార చేపల యూనిట్లకు సాధారణ వర్గాలవారికి 40 శాతం, మహిళలకు, ఎస్సీ, ఎస్టీ వర్గాలవారికి 60 శాతం సాయం ఏర్పాటు చేశారు. రొయ్యకు ధర పడిపోయి ట్యాంకులు ఖాళీగా ఉన్న చిన్న హేచరీల యజమానులకు, తీరంలోని మహిళా సంఘాలకు మండపం, విళింజం కేంద్రాల్లో శిక్షణ ఇప్పిస్తే, హైదరాబాద్ కొనుగోలుదారుకు ఎక్కడో దిబ్బమీద పట్టిన చేపకు బదులు మన తీరంలోనే పుట్టిన చేప దొరుకుతుంది.

మీ పత్రికకూ ఒక విన్నపం. ఇకముందు రీఫ్ తొట్టెల ఫొటోలు వేసినప్పుడు వాటిలోని జీవుల పేర్లు, అవి పెరిగే పరిమాణం, ఎక్కడ పుట్టినవన్న వివరం కూడా పక్కనే ప్రచురించండి. వేసవి సెలవులకు ముందు, పిల్లలు అక్వేరియం కోసం పట్టుబట్టే రోజుల్లో ఆ వివరం వస్తే ఎక్కువమందికి ఉపయోగపడుతుంది.

ఇట్లు,
మీ పాఠకురాలు,
సికింద్రాబాద్